పెర్ల్ బక్ – మిషను కాంపౌండులో పెరిగిన నవలా రచయిత్రి

ఈ శతాబ్ది సంచికలో మన డయాసిసును కట్టిన బిషప్పులను గూర్చి, పాదిరులను గూర్చి, ఆసుపత్రులు, బడులు నడిపిన దొరసానులను గూర్చి పెద్దలు వ్రాస్తున్నారు. నన్ను కూడ ఒక జీవిత చరిత్ర వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు నేను ఎన్నుకొన్న వ్యక్తి మన డయాసిసులో ఎన్నడూ పనిచేయలేదు. ఆమె బ్రతికిన దేశము చైనా. పైగా మిషను బోర్డుతో తగవుపడి రాజీనామా ఇచ్చిన మనిషి. అట్టివారిని ఈ సంచికలోనికి తెచ్చుట ఏమిటని కొందరు అడుగవచ్చును. మిషనెరీల కడుపున పుట్టి, మిషను కాంపౌండులో పెరిగి, మిషనెరీని పెండ్లాడి, తానును మిషనెరీగా జీతము పుచ్చుకొని, ఆ జీవితములోని తీపిని చేదును లోపలినుండి చూచి వ్రాసినవారు ఆమెవలె మరొకరు నాకు తెలియదు. శతాబ్ది అన్నది పొగడ్తలకు మాత్రమే కాదు, లెక్క చూచుకొనుటకు కూడ తగిన సమయము గదా.

ఆమె పేరు పెర్ల్ బక్. 1932లో పులిట్జర్ బహుమానము, 1938లో సాహిత్యమునకు నోబెల్ బహుమానము పొందిన అమెరికా రచయిత్రి. ఆమె వ్రాసిన 'ది గుడ్ ఎర్త్' అను నవల 'సుక్షేత్రం' పేరుతో తెలుగులోనికి కూడ వచ్చినది.

తండ్రి ఆబ్సలోమ్ సైడెన్‌స్ట్రికర్ గారు, తల్లి కెరోలైన్ గారు. ఇంటిలోను స్నేహితులలోను ఆమెను కారీ అనేవారు. ఇద్దరిదీ అమెరికాలోని పశ్చిమ వర్జీనియా ప్రాంతము. దక్షిణ ప్రెస్బిటేరియన్ సంఘము పక్షమున 1880లో, పెండ్లియైన కొద్ది దినములకే, ఓడయెక్కి చైనా చేరుకొన్నారు. తరువాతి పదేండ్లలో ఆ తల్లి ముగ్గురు బిడ్డలను పాతిపెట్టినది. మన ప్రాంతములోని పాత మిషను సమాధుల తోటలలో చిన్న చిన్న రాళ్ళు చూచినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. కలరా, విరేచనాలు, జ్వరము ఆ దినములలో పసిబిడ్డలను బ్రతుకనిచ్చేవి కావు. దుఃఖముతో కృంగిపోయిన ఆమెను విశ్రాంతికొరకు స్వదేశమునకు తీసికొనివెళ్ళగా, అక్కడ హిల్స్‌బరో అను ఊరిలో, కారీ గారి పుట్టింట, 1892వ సంవత్సరము జూన్ 26వ తేదీన పెర్ల్ జన్మించినది. ఆరు నెలలు నిండకముందే పాపను తీసికొని వారు మరల చైనా వెళ్ళిపోయారు. ఆ తరువాత పుట్టిన మరొక మగబిడ్డ కూడ చిన్నతనములోనే చనిపోయాడు. మొత్తము ఏడుగురు బిడ్డలలో మిగిలినవారు ముగ్గురు.

యాంగ్‌ట్సీ నది ఒడ్డున చిన్‌కియాంగ్ అను పట్టణము (ఇప్పుడు జెన్‌జియాంగ్ అంటున్నారు) ఆమె బాల్యమునకు ఇల్లు. దాదిని వాంగ్ అమ్మ అనేవారు. ఆ ముసలి దాది చెప్పిన భూతాల కథలు, వీరుల కథలు వినుచు, చైనా భాషయే మొదట నోటికి వచ్చినది. ఉదయము తల్లి వద్ద ఇంగ్లీషు చదువు, మధ్యాహ్నము కంగ్ అను కన్ఫ్యూషియన్ పంతులు వద్ద చైనా చదువు. ఆ పంతులు 1905లో కలరాతో పోయారు. చార్లెస్ డికెన్స్ నవలలు ఆ పిల్లకు ప్రాణము. అవి మరల మరల చదివినందున తనవంటి ముఖాలవారు ఎక్కడనో దూరదేశములో ఉన్నారని ఆ పిల్లకు తెలిసినది. చుట్టుప్రక్కల కొండలమీద ఆడుకొనుచుండగా కుక్కలు త్రవ్విన పసిబిడ్డల ఎముకలు కనబడేవి. అవి చాలవరకు పుట్టగానే వదలివేసిన ఆడశిశువులవి. ఎవరికిని చెప్పక ఆ చిన్నపిల్ల వాటిని ఏరి గోయి తీసి పూడ్చేది. ఈ సంగతి చదివిన నాడు నాకు నిద్ర పట్టలేదు.

తండ్రి సంగతి చెప్పవలెను. ఆయన గాడిదమీదను, పడవలోను, కాలినడకను నెలల తరబడి పల్లెలు తిరుగుచు సువార్త ప్రకటించేవారు. మొదటి పదేండ్లలో మారుమనస్సు పొందినవారు పదిమందే అని ఆయనే లెక్క చెప్పుకొనేవారట. జనులు రాళ్ళు రువ్వినా, ఉమ్మివేసినా ఆయన చలించలేదు. క్రొత్త నిబంధనను గ్రీకు మూలమునుండి సామాన్య చైనా జనుల భాషలోనికి తర్జుమా చేయుట ఆయన జీవితకార్యము. దాని ముద్రణకు ఖర్చు ఇంటి జీతమునుండియే పోయేది. పిల్లల బట్టలకు, పాలకు లేకపోయినను ప్రెస్సువానికి మాత్రము డబ్బు అందేది. ఇంటిలో జరుగుచున్నది ఆయన చూపునకు ఆనలేదు. భార్య బిడ్డలను కోల్పోయిన దుఃఖము, ఇంటి బెంగ, స్త్రీవైనందున నోరు మూసికొనుమనే శాసనము – ఇవి ఆయనకు అర్థమైనట్లు లేదు. కూతురు ఇరువురిని చూచినది. తండ్రి ధైర్యమును, తల్లి కన్నీటిని ఒకే కంటితో చూచి, ఎన్నో ఏండ్ల తరువాత, 1936లో, ఇద్దరికీ చెరియొక గ్రంథము వ్రాసినది. తల్లి చరిత్రకు 'ది ఎగ్జైల్', అనగా పరదేశవాసి, అని పేరు. తండ్రి చరిత్రకు 'ఫైటింగ్ ఏంజెల్', అనగా పోరాడే దేవదూత, అని పేరు. నోబెల్ బహుమానమిచ్చినవారు ఆమె రైతు నవలలతోపాటు ఈ రెండు చరిత్రలను కూడ ప్రత్యేకించి పేర్కొన్నారు. మన మిషనెరీలను గూర్చి మనము వ్రాసుకొన్న చరిత్రలలో దొరగారి ప్రయాణములు, బాప్తిస్మముల లెక్కలు ఉంటవి గాని దొరసానిగారు ఆ ఇంటిలో ఏమి అనుభవించెనో ఒక్క పుట కూడ ఉండదు. ఈ రెండు గ్రంథములు చదివిన తరువాతనే నాకు ఆ లోటు తెలిసినది.

1900లో బాక్సర్ల తిరుగుబాటు వచ్చినది. విదేశీయులను, క్రైస్తవులను చంపుచున్నారని వార్తలు. తల్లి పిల్లలతో షాంఘైకి పారిపోగా, తండ్రి తన పని విడువక ఊరిలోనే ఉండిపోయారు. అప్పటివరకు తనను తమ పిల్లగా చూచిన వీధి, ఒక్క రాత్రిలో తెల్లదొరల పిల్లగా చూచుట ఎనిమిదేండ్ల పెర్ల్‌కు మొదటి గుణపాఠము.

కాలేజీ చదువుకు అమెరికా వెళ్ళి, వర్జీనియాలోని రాండాల్ఫ్ మేకన్ స్త్రీల కళాశాలలో 1914లో పట్టము పుచ్చుకొన్నారు. తల్లికి జబ్బుగా ఉన్నదని తెలిసి తిరిగి చైనా చేరారు. 1917లో జాన్ లాసింగ్ బక్ అను వ్యవసాయ మిషనెరీతో వివాహమైనది. ఆయన ప్రసంగీకుడు కాదు, విత్తనాలు, భూసారము, పంటల లెక్కలు చూచే మనిషి. అన్హ్వేయి రాష్ట్రములోని నాన్‌హ్సుచౌ అను మారుమూల పట్టణములో కాపురము. భర్త పల్లెలకు పోయి రైతులతో మాటలాడునప్పుడు భార్య దుబాసి. ఆయన ఎకరానికి ఎంత పండినదని అడుగుచుండగా ఆమె ఆడవారి గదులలో కూర్చొని ఎవరికి ఎందరు పుట్టారు, ఎందరు పోయారు, అత్త ఎట్టిది, కరవులో ఏమి తిన్నారు అన్న మాటలు వినేవారు. దొరగారు ఆ లెక్కలతో చైనా భూమి వినియోగముమీద పెద్ద గ్రంథమే వ్రాశారు. 1937లో వచ్చిన ఆ గ్రంథములో పదహారు వేలకుపైగా కమతముల వివరములున్నవి. కాని లోకమునకు జ్ఞాపకమున్నది దొరసానిగారు విన్న మాటలే.

ఇప్పుడు వ్రాయబోవునది వ్రాయుటకు నాకే బరువుగా ఉన్నది. 1920వ సంవత్సరము మార్చిలో వారికి ఆడపిల్ల పుట్టినది. కారల్ అని పేరు పెట్టారు. బంగారు జుట్టు, నీలి కండ్లు, చక్కని పిల్ల. కాన్పు తరువాత తల్లికి గర్భాశయములో గడ్డ ఉన్నదని తెలిసి శస్త్రచికిత్స చేయగా మరల బిడ్డలు కలిగే యోగము పోయినది. మరుసటి సంవత్సరమే కారీ గారు కన్నుమూశారు. ఈ లోపల కారల్‌కు మూడేండ్లు వచ్చినను మాటలు రాలేదు. తల్లి అడుగని వైద్యుడు లేడు. చివరకు అమెరికాలోని రోచెస్టరులో మేయో క్లినిక్కుకు తీసికొనివెళ్ళారు. ఒక డాక్టరుగారు ఇదమిత్థమని చెప్పక, ఆశ విడువవద్దని పంపివేశారు. బయటకు వచ్చుచుండగా వేరొక డాక్టరు, ఇంగ్లీషు తడబడుచు మాటలాడే విదేశీయుడు, ఆమెను నడవలో ఆపి, ఈ బిడ్డ ఎన్నటికిని బాగుపడదు, నాలుగేండ్ల పిల్లకున్నంత బుద్ధికి మించి ఎదుగదు, నీ జీవితమంతయు, డబ్బంతయు దీనికొరకు వృథా చేసికొనక మంచి ఆశ్రమము చూచి చేర్పించుము అని మొగముమీదనే చెప్పాడు. కఠినుడని ఆయనను ఆమె ఎన్నడూ తిట్టలేదు. నిజము చెప్పినందుకు జీవితమంతయు కృతజ్ఞురాలై యుండినది. తరువాత ఇంకొక బిడ్డను, జానిస్‌ను, పెంపునకు తెచ్చుకొన్నారు.

కారల్ జబ్బు పేరు అప్పటికి ఎవరికిని తెలియదు. 1934లో నార్వే దేశపు వైద్యుడు ఆస్బ్యోర్న్ ఫోలింగ్ గారు దానిని కనుగొన్నారు. ఫినైల్‌కీటోన్యూరియా అంటారు. మనము తినే మాంసకృత్తులలోని ఒక పదార్థమును శరీరము అరిగించుకొనలేక, అది రక్తములో పేరుకొని మెదడును పాడుచేయును. పుట్టిన వెంటనే కనిపెట్టి తగిన పథ్యము పెట్టినచో బిడ్డ అందరివలె ఎదుగును. మడమనుండి తీసిన కొద్ది చుక్కల రక్తముతో చేసే పరీక్ష 1960 తరువాత అమెరికాలో వాడుకలోనికి వచ్చినది. కారల్‌కు అది నలుబది ఏండ్లు ఆలస్యము.

1920నుండి వారు నాన్‌కింగు విశ్వవిద్యాలయములో ఉన్నారు. 1927 మార్చి 24వ తేదీన సైన్యములు ఆ పట్టణములో ప్రవేశించి విదేశీయుల ఇండ్లమీద పడినవి. విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షుడు విలియమ్స్ గారిని ఆ ఉదయమే కాల్చిచంపారు. ఆ సమయములో, పూర్వము పెర్ల్ బక్ గారివలన సహాయము పొందిన ఒక బీద చైనా స్త్రీ పరుగున వచ్చి, ముసలి తండ్రి, చెల్లెలి కుటుంబము, పసిపిల్లలు అందరిని తన ఒంటిగది గుడిసెలో దాచినది. దినమంతయు వారు ఆ చీకటిలో మూలుగు కూడ లేక కూర్చున్నారు. దొరికినచో దాచినదాని ప్రాణము ముందుగా పోయేది. సాయంకాలమునకు అమెరికా యుద్ధనౌకల ఫిరంగులు మ్రోగిన తరువాత విడుదల కలిగినది. ఇల్లు దోపిడియైపోయినది. ఆమె పూర్తిచేసి పెట్టుకొన్న ఒక నవల వ్రాతప్రతి పోయినది. తల్లినిగూర్చి వ్రాసిన కాగితములు మాత్రము దక్కినవి. ఆ కుటుంబము జపానుకు పోయి కొన్ని నెలలు తలదాచుకొని, మరల చైనా చేరినది.

1929లో తొమ్మిదేండ్ల కారల్‌ను న్యూజెర్సీలోని వైన్‌లాండు శిక్షణాలయములో చేర్చి తల్లి ఒంటరిగా తిరిగి వచ్చారు. ఆ ఆశ్రమమునకు ఫీజు కట్టుట మిషను జీతముతో అయ్యే పని కాదు. అప్పు చేసి చేర్చారు. ఆమె నవలలు వ్రాయుటకు కారణమేమని పండితులు ఏవేవో చెప్పుదురు గాని, నా మట్టుకు నాకు ఈ ఫీజే మొదటి కారణమని తోచుచున్నది. నాన్‌కింగు ఇంటి అటకమీది గదిలో, కిటికీనుండి కొండ కనబడుచుండగా, ఆమె ప్రతి ఉదయము టైపు మిషను ముందర కూర్చొనేవారు. మొదటి నవల 1930లో, రెండవది 'ది గుడ్ ఎర్త్' 1931 మార్చిలో అచ్చయినవి. ఈ రెండవ నవలను వ్రాయుటకు పట్టినది సుమారు మూడు నెలలే.

కథ మన రైతుకు చెప్పినను అర్థమగును. వాంగ్ లంగ్ అను బీద రైతు జమీందారు ఇంటినుండి ఓలాన్ అను బానిసపిల్లను పెండ్లి చేసికొని తెచ్చుకొనును. ఆమె రూపసి కాదు, మాట పలుకదు. ప్రక్కన నిలిచి నాగలి పనిచేయును, ఒంటరిగా కనును, కనిన దినముననే చేనికి వచ్చును. కరవు వచ్చి పట్టణమునకు వలసపోయి బిచ్చమెత్తుదురు. అల్లరులలో ధనికుని ఇల్లు దోపిడియైనప్పుడు ఓలాన్ గోడలో దాచిన రత్నములు కనిపెట్టును. వాటితో భూమి కొని పెద్ద రైతులగుదురు. ఆ రత్నములన్నిటిలో రెండు ముత్యములు మాత్రము తనకు ఉంచుమని ఆమె అడుగును. ధరించుటకు కాదు, అప్పుడప్పుడు చేతిలో పట్టుకొని చూచుకొనుటకు. ఐశ్వర్యము తలకెక్కిన భర్త ఒక విలాసిని కొరకు ఆ రెండు ముత్యములు కూడ అడిగి తీసికొనును. ఆమె బట్టలుదుకుచునే రొమ్మునుండి తీసి ఇచ్చివేయును. ఆ కుటుంబములో మాటలురాని, బుద్ధి ఎదుగని ఒక కూతురున్నది. తండ్రి తుదివరకు ఆ పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొనును. కారల్ సంగతి లోకమునకు అప్పుడు తెలియదు. ఆమె ఎవరికిని చెప్పలేదు. తెలిసిన తరువాత ఆ పుటలు చదువుట వేరు.

ఆ గ్రంథము అమెరికాలో 1931లోను, 1932లోను అన్నిటికన్న ఎక్కువ అమ్ముడుపోయిన నవలగా నిలిచినది. మునిగిపోబోవుచున్న ప్రచురణసంస్థ తేలినది. కారల్ జీవితకాలమునకు సరిపడ ఏర్పాటు జరిగినది. పులిట్జర్ వచ్చినది. మిషను కార్యాలయమునుండి మాత్రము, ఒక మిషనెరీ స్త్రీ స్త్రీపురుష సంబంధములనుగూర్చి ఇంత బాహాటముగా వ్రాయవచ్చునా అని మందలింపు ఉత్తరము వచ్చినది!

ఇక ఆ తగవు. 1932 నవంబరు 2వ తేదీన న్యూయార్కులోని ఆస్టర్ హోటలులో ప్రెస్బిటేరియన్ స్త్రీలు ఆమెకు విందు చేశారు. వచ్చినవారు సుమారు రెండువేలమంది. పొగడ్త వినుటకు వచ్చినవారికి ఆమె వేరొకటి వినిపించారు. విదేశీ మిషనెరీ ఉండవలెనా అన్నదే ప్రశ్న. తాను చూచిన మిషనెరీలలో ఇరుకు మనస్సువారు, జనులపై జాలి లేనివారు, ఆ దేశపు నాగరికతను ఏమియు ఎరుగనివారు, ఆత్మలను సంఖ్యలుగా ఎంచువారు ఎందరో ఉన్నారని చెప్పారు. చైనావారియెదుట సిగ్గుపడవలసివచ్చినదని ఒప్పుకొన్నారు. అయినను మిషను పని ఆపుమనలేదు. తక్కువ మాటలు, ఎక్కువ క్రియలు గల మంచివారిని పంపుడు, మిగులు ఆహారమును గాక మీలో శ్రేష్ఠులైనవారిని ఇయ్యుడు అన్నది ఆమె సారాంశము. ప్రసంగము 'హార్పర్స్' పత్రికలో 1933 జనవరిలో అచ్చయి పెద్ద దుమారము రేపినది. అదే సమయములో అమెరికా సంఘముల సామాన్య సభ్యులు వేసిన విచారణ సంఘము మిషన్లను తిరిగి ఆలోచింపుమని నివేదిక నిచ్చియుండెను. దానిని ఆమె గట్టిగా మెచ్చుకొన్నారు.

ఫిలడెల్ఫియాలోని వెస్ట్‌మినిస్టర్ సెమినరీ స్థాపకుడు గ్రెషమ్ మేచన్ గారు ఆమెపైనను, అట్టివారిని ఉంచుకొన్న బోర్డుపైనను ఒక గ్రంథమంత కరపత్రము వ్రాశారు. గోల పెరిగిన మీదట 1933 మే 1వ తేదీన ఆమె రాజీనామా పంపగా బోర్డువారు విచారముతో అంగీకరించారు. మేచన్ గారు అంతటితో ఆగక వేరుగా ఒక స్వతంత్ర మిషను బోర్డునే స్థాపించారు.

నా అభిప్రాయము దాచను. క్రీస్తు చరిత్రలో జీవించిన వ్యక్తియేనా అన్నది తనకు అంత ముఖ్యము కాదన్న ధోరణిలో ఆమె ఆ సంవత్సరమే ఒక పత్రికలో వ్రాశారు. విశ్వాసులము దానిని ఒప్పుకొనలేము. ఆ విషయములో మేచన్ గారు అడిగిన ప్రశ్న సరియైనదే. మిషనెరీలందరిని ఒకే గాటను కట్టినట్లు వినబడిన మాటలు కూడ న్యాయము కావు. గుడిసెలలో కలరా రోగులను కడిగిన నర్సులు కూడ మిషనెరీలే గదా. కాని జనులను ప్రేమింపనివాడు వారికి సువార్త చెప్పలేడన్న ఆమె మూలమాటకు ఆమెను విమర్శించినవారిలో ఎవరును జవాబు చెప్పినట్లు నాకు కనబడలేదు. ఆ మాట తెల్లవారికి మాత్రమే చెల్లునని మనము అనుకొనరాదు. మన సంఘములలో ఒక పేటవారు మరొక పేటవారి ఇంట నీళ్ళు త్రాగని దినములు నేనెరుగుదును.

1934లో ఆమె చైనా విడిచారు. మరల ఆ నేల త్రొక్కలేదు. లాసింగ్ బక్ గారికి ఆమెకు చాలకాలముగా పొసగలేదు. 1935లో విడాకులు పొంది, అదే దినమున తన ప్రచురణకర్త రిచర్డ్ వాల్ష్ గారిని వివాహమాడారు. దీనిని సమర్థించుట నా పని కాదు. జరిగినది దాచుటయు కాదు. పెన్సిల్వేనియాలో ఒక పాత రాతి ఇల్లు, పొలము కొని, మరికొందరు అనాథ బిడ్డలను పెంచుకొన్నారు. తన పెంపుడు బిడ్డలు మొత్తము ఏడుగురు.

1938 నోబెల్ బహుమానము అమెరికా స్త్రీలలో సాహిత్యమునకు మొదట ఆమెకే లభించినది. స్వదేశపు సాహిత్యకారులు కొందరు పెదవి విరిచారు. ఆమె మాత్రము స్టాక్‌హోములో ఇచ్చిన ఉపన్యాసమును చైనా నవలమీదనే ఇచ్చి, తనకు కథ చెప్పుట నేర్పినది ఆ జనులేనని ఒప్పుకొన్నారు.

యుద్ధకాలములో ఆమె మన దేశ స్వాతంత్ర్యము పక్షమున అమెరికా సభలలో మాటలాడినవారు. ఆమె భర్తగారి జాన్ డే కంపెనీయే నెహ్రూగారి ఆత్మకథను, 'డిస్కవరీ ఆఫ్ ఇండియా'ను అమెరికాలో ప్రచురించినది. ఆర్.కె.నారాయణ్ గారి 'గైడ్' సినిమా ఇంగ్లీషు రూపమునకు కూడ ఆమె రచన చేశారు.

అయితే మన దేశముతో అంతకన్న లోతైన సంబంధము ఒక పసిబిడ్డద్వారా కలిగినది. 1948 క్రిస్మసు దినములలో ఒక దత్తత సంస్థనుండి ఉత్తరము వచ్చినది. పదిహేను నెలల బాలుడు, రాబీ అని పేరు. సగము భారతీయుడు, సగము అమెరికన్. వాని చర్మపు రంగునకు సరిపడే తలిదండ్రులు దొరకరు గనుక ఏ సంస్థయు వానిని పుచ్చుకొనలేదు. ఆమె అన్ని సంస్థలకు ఫోను చేసి, అందరు కుదరదనగా, తన ఇంటికే తెచ్చుకొన్నారు. కొద్ది దినములలోనే సగము చైనా రక్తముగల మరొక శిశువు వచ్చినది. తన వయస్సు అప్పటికి ఏబదియారు. ఇద్దరికి ఇరుగుపొరుగువారిలో ఇల్లు చూచి, 1949లో 'వెల్కమ్ హౌస్' అను సంస్థను స్థాపించారు. రంగు, జాతి, మతము చూడక దత్తత ఇచ్చిన సంస్థలలో అది మొదటిది. 2014లో ఆ దత్తత పని ముగించునాటికి ఐదువేలకు పైగా బిడ్డలు ఇండ్లు చేరారు.

రాబీ వచ్చిన నాలుగైదేండ్లకు, 1953లో, ఆమె 'కమ్, మై బిలవెడ్' అను నవల వ్రాశారు. అది మన దేశములోనే, పూనా ప్రాంతములో జరుగును. కోటీశ్వరుడైన తాత మిషను కొరకు డబ్బిచ్చును. కుమారుడు మిషనెరీయై బడులు కట్టును. మనుమడు అది చాలదని పల్లెలో మట్టి ఇంటిలో, జనులు తినునదే తినుచు జీవించును. అందరు ఆయనను పరిశుద్ధుడని ఎంచుదురు. ఆయన కుమార్తె ఒక భారతీయ డాక్టరును ప్రేమించినది. పెండ్లికి అనుమతి అడిగిన దినమున అన్నియు విడిచిన ఆ తండ్రి అది మాత్రము విడువలేకపోయెను. ఆమె వ్రాసిన 70కి పైగా గ్రంథములలో పండితులు దీనిని అంతగా లెక్కించరు. మన సంఘములవారు మొదట చదువవలసినది మాత్రము ఇదియే అని నేనందును.

1950లో ఆమె కారల్ సంగతి మొదటిసారి బయటపెట్టి 'ది చైల్డ్ హూ నెవర్ గ్రూ' అను చిన్న పుస్తకము వ్రాశారు. ఎదుగని బిడ్డలను గదులలో దాచుకొన్న తలిదండ్రులనుండి ఉత్తరములు బస్తాలతో వచ్చినవి. అన్నిటికి జవాబులు వ్రాశారు.

చివరి దినములు అంత మంచివి కావు. 1960లో వాల్ష్ గారు చనిపోయారు. కొరియాలోను ఇతర ఆసియా దేశములలోను అమెరికా సైనికులు వదలివెళ్ళిన బిడ్డలకొరకు 1964లో ఒక ఫౌండేషను స్థాపించి, దాని పెత్తనము తనకు నాట్యము నేర్పిన థియొడోర్ హారిస్ అను యువకుని చేతిలో పెట్టారు. 1969లో అతనిమీద పత్రికలలో తీవ్ర ఆరోపణలు వచ్చి అతడు తొలగినను, ఆమె అతనినే వెనుకవేసికొనివచ్చారు. పెంపుడు బిడ్డలు దూరమయ్యారు. ముసలితనములో మనుష్యులను నమ్ముటలో పొరబడిన గొప్పవారు ఆమె ఒక్కరే కాదు. అయినను ఇది చదువునప్పుడు మనస్సు చివుక్కుమనును.

1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్ళినప్పుడు తానును పోయి తల్లి సమాధి చూడవలెనని ఆమె ఎంతో ఆశపడ్డారు. ఆమె వ్రాతలు క్రొత్త చైనాను కించపరచినవని చెప్పి వీసా నిరాకరించారు. ఆమెకు నాలుగు పదుల ఏండ్లు ఇల్లయిన దేశము అది. నేడు జెన్‌జియాంగ్‌లోని ఆమె ఇంటిని, నాన్‌కింగులో ఆమె నవల వ్రాసిన ఇంటిని స్మారకములుగా ఉంచి చూపుచున్నారు. రెండవది 2012లో తెరచారు.

1973వ సంవత్సరము మార్చి 6వ తేదీన, ఎనుబదవ ఏట, వెర్మాంటు రాష్ట్రములోని డాన్‌బీలో ఊపిరితిత్తుల క్యాన్సరుతో ఆమె ప్రాణము విడిచారు. పెన్సిల్వేనియాలోని తన పొలములోనే చెట్టు క్రింద సమాధి చేశారు. ఆ రాతిమీద ఇంగ్లీషు అక్షరము ఒక్కటియు లేదు. చైనా లిపిలో పేరు మాత్రమే ఉన్నది.

కారల్ తల్లి తరువాత పంతొమ్మిది ఏండ్లు బ్రతికినది. వైన్‌లాండులో తల్లి కట్టించి ఇచ్చిన చిన్న ఇల్లు, వినుటకు పాటల రికార్డులు ఆమెకు ఉండేవి. పాట విన్నప్పుడు ఆ మొగము వెలుగుట తల్లి పసితనములోనే కనిపెట్టి వ్రాశారు. 1992లో, తల్లి పుట్టి సరిగ్గా నూరేండ్లయిన సంవత్సరములో, కారల్ అక్కడనే కన్నుమూసినది.